కితే ఊరి పాట: నైట్‌విష్ బృందపు తొలి సంవత్సరములు

1997వ సంవత్సరము నవంబరు నెలలో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలోని ఒక చిన్న రికార్డుల సంస్థ ఏడు పాటలు గల ఒక సి.డి.ని 500 ప్రతులు మాత్రము విడుదల చేసినది. పాడినది దేశపు తూర్పుమూలనున్న ఒక చిన్న పట్టణపు బృందము. ఆ ఏడు పాటలు అంగడిలో పెట్టుటకని పాడినవి కావు. నలుగురు చిన్నవారు తమ పని ఎట్లున్నదో తాము వినుటకును, వినదలచినవారికి పంపుటకును చేసికొన్న నమూనా రికార్డు అది. ఆ నలుగురిలో పెద్దవానికి అప్పటికి ఇరువది ఏండ్లు. మూడేండ్లు తిరుగకమునుపే ఆ బృందపు మూడవ సంపుటి ఫిన్లాండు అమ్మకపు పట్టికలో మొదటి స్థానమున నిలిచినది. ఈ నడిమి కాలములో జరిగిన సంగతులను పాఠకులకు మనవి చేయదలచినాము.

బృందము పేరు నైట్‌విష్. వారు పాడునది హెవీ మెటల్ అను జాతికి చెందిన సంగీతము. దీనిని లోహసంగీతమని మాటకు మాటగా తెలుగు చేసిన నవ్వు వచ్చును; కనుక మెటల్ అనియే అందము. ఆ పేరు వినగనే రేడియో మీట త్రిప్పివేయు పెద్దలు పెక్కుమంది కలరు. వారిని మేము తప్పు పట్టము. అది గట్టిగా మ్రోగునది. చెవి అలవాటు పడువరకు అందులోని రాగము రొదలో కలిసిపోవును. కాని దాని పుట్టుక ఆసక్తికరమైనది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున టోనీ అయోమి అను యువకుడు ఇనుపరేకుల కర్మాగారములో పనిచేయుచు, యంత్రము క్రింద పడి కుడిచేతి రెండు వ్రేళ్ల చివరలు పోగొట్టుకొన్నాడు. అతడు ఎడమచేతివాటము గలవాడు. తీగలను నొక్కవలసిన చేయి ఆ కుడిచేయియే. అయినను గిటారు విడువలేదు. వ్రేళ్లకు తొడుగులు చేసికొని, నొక్కుటకు సులువుగా నుండునట్లు తీగలను వదులు చేసినాడు. తీగ వదులైన స్వరము క్రిందికి దిగి బరువెక్కినది. బ్లాక్ సబ్బాత్ అను అతని బృందము 1970లో వెలువరించిన తొలి సంపుటిని ఈ సంగీతమునకు ఆరంభముగా చెప్పుదురు.

బర్మింగ్‌హామ్‌లో పుట్టినది ఫిన్లాండులో ఇంతగా వేరూనుటకు కారణమేమి? అక్కడి దీర్ఘమైన చలికాలము, చీకటి అని చాలమంది చెప్పుదురు. ఈ సమాధానము మాకు పూర్తిగా తృప్తి నీయలేదు. చలియు చీకటియు వేల యేండ్లుగా ఉన్నవి. ఈ సంగీతము అక్కడ ఇల్లిల్లు చేరినది 1990ల తరువాతనే. ఆ పదేండ్లలో అచ్చట మరియొకటి జరిగినది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోవుటతో ఆ దేశముతో ఫిన్లాండుకు గల వర్తకము కూలిపోయినది. బ్యాంకులు చిక్కులలో పడినవి. 1990లో నూటికి ముగ్గురుగానున్న నిరుద్యోగులు 1994 నాటికి నూటికి పదునారుగురిని మించినారు. యువకులకు పని దొరకని కాలమది. చేతిలో డబ్బు లేదు, కాలము మాత్రము కావలసినంత కలదు. అయితే వారి చేతిలో ఇంకొకటి కూడ కలదు, అది సంగీత విద్య.

ఇది కొంచెము నిలిచి చెప్పవలసిన విషయము. 1960ల చివర చేసిన శాసనము తరువాత ఫిన్లాండులో ప్రభుత్వమును పురపాలక సంఘములును కలిసి వ్యయము భరించు సంగీత పాఠశాలలు చిన్న చిన్న పట్టణములకు కూడ వ్యాపించినవి. కలపకోత మిల్లు పనివాని కొడుకైనను, వ్యవసాయదారుని కూతురైనను, తక్కువ రుసుముతో పియానోనో, వయొలిన్‌నో, క్లారినెట్‌నో నేర్వగలిగినారు. స్వరము వ్రాయుట, చదువుట నేర్చినారు. ఈ పాఠశాలలు పెట్టినవారు సిబేలియస్ వంటి వాగ్గేయకారులను, వాద్యబృందముల విద్వాంసులను తయారుచేయదలచినారేకాని, పొడుగుజుట్టు గిటారువాద్యకులను కాదు. ఆ పాఠశాలల నుండి రెండు తెగలవారును వచ్చినారు. విత్తినవాడు కోరిన పంటతోబాటు కోరని పంట కూడ పండినది. మాకు రెండును నచ్చినవి.

ఇక మన కథాస్థలము కితే. ఉత్తర కరేలియా ప్రాంతములో రష్యా సరిహద్దుకు సమీపమున, సరస్సుల నడుమ, దేవదారు జాతి అడవుల మధ్య ఉన్న పట్టణమది. జనము సుమారు పదివేలు. 1939–1944 మధ్య జరిగిన యుద్ధములలో కరేలియాలో చాల భాగమును ఫిన్లాండు సోవియట్ యూనియనుకు విడిచిపెట్టవలసి వచ్చినది. నాలుగు లక్షలకు పైగా జనము ఇల్లు వాకిళ్లు వదలి పడమరకు తరలివచ్చినారు. కితే మాత్రము సరిహద్దునకు ఇవతల ప్రక్కనే మిగిలినది. ఆ పట్టణపు పేరు దేశములో వినబడినది చాలకాలము వరకు ఒకే కారణమున: అక్కడివారు చాటుగా కాచు నాటుసారా ప్రసిద్ధమైనది. దానిని కితేవారు సిగ్గుపడి దాచుకొనలేదు, పైగా నవ్వుచు చెప్పుకొందురు.

ఆ పట్టణములో 1976 డిసెంబరు 25న పుట్టినవాడు తువోమాస్ హోలోపాయ్‌నెన్. తల్లి పియానో నేర్పు ఉపాధ్యాయురాలు. అతడు పియానోతోబాటు సంగీత పాఠశాలలో క్లారినెట్ నేర్చినాడు. ఆ ప్రాంతములో పుట్టి 1977 ఆగస్టు 17న జన్మించిన తార్య తురునెన్ అను బాలికయు ఆ పట్టణపు బడిలోనే చదివినది. బల్గేరియా నుండి వచ్చి స్థిరపడిన ప్లామెన్ దిమోవ్ అను ఉపాధ్యాయుడు వారిద్దరికిని సంగీతమున మార్గదర్శి. దూరదేశము నుండి వచ్చిన ఒక మాస్టారు, పదివేల జనము గల ఊరు, తరగతిగదిలో ఇద్దరు పిల్లలు: కథకు మూలధనము ఇంతే. తరువాత తార్య శాస్త్రీయ గానము అభ్యసించుటకు కువోపియో నగరములోని సిబేలియస్ అకాడమీ శాఖకు వెళ్లినది. తువోమాస్ అప్పటికే ఒకటి రెండు మెటల్ బృందములలో కీబోర్డు వాయించుచుండెడివాడు. అవి ఇతరుల బృందములు, ఇతరుల పాటలు.

1996 వేసవి. జూలై నెలలో ఒకనాటి రాత్రి తువోమాస్ స్నేహితులతో కలిసి నెగడు చుట్టు కూర్చున్నాడు. ఫిన్లాండు వేసవిరాత్రులను గురించి ఒక మాట చెప్పవలెను. అక్కడ జూలైలో చీకటి పూర్తిగా పడదు. ఆకాశము ఒక ప్రక్క వెలుగుచునే యుండును. నీటి ఒడ్డున చలిమంట వేసికొని తెల్లవార్లు మాటలాడుకొనుట వారికి పండుగతో సమానము. ఆ రాత్రి అతనికి ఒక ఆలోచన తోచినది. గట్టి మ్రోతలు లేకుండ, గిటారు, వేణువు వంటి వాద్యములతో, నెగడు ప్రక్కన వినదగిన మెల్లని సంగీతము చేయవలెనని. అనగా, తరువాత లోకమంతట ఎలక్ట్రిక్ గిటార్లతో హోరెత్తించిన ఈ బృందము, మెత్తగా పాడుకొందమను కోరికతో మొదలైనది!

అతడు ఎంప్పు వువోరినెన్ అను గిటారు వాద్యకుని పిలిచినాడు. ఇతడును కితేవాడే, వయస్సు పదునెనిమిది. పాడుటకు తార్యను అడిగినాడు. ఆ సంవత్సరము చివర ముగ్గురును కలిసి మూడు పాటలు రికార్డు చేసినారు. మొదటిదాని పేరు ‘నైట్‌విష్’. దాని నుండియే బృందమునకు పేరు వచ్చినది. రెండవది ‘ది ఫరెవర్ మొమెంట్స్’. మూడవదాని పేరు ఫిన్నిషు మాట, ‘ఎతియాయ్‌నెన్’. ఈ మాట వెనుక ఆ దేశపు పాత నమ్మకము కలదు. బయటికి వెళ్లిన మనిషి ఇంటికి రాకమునుపే వాకిట అతని అడుగుల సవ్వడి, తలుపు తీసిన చప్పుడు వినబడునట. చూడబోయిన ఎవరును ఉండరు. కొంతసేపటికి ఆ మనిషి నిజముగా వచ్చును. ముందుగా వచ్చిన ఆ నీడవంటి దానిని ఎతియాయ్‌నెన్ అందురు. మూడు పాటల ఆ చిన్న రికార్డు కూడ అటువంటిదే అనవచ్చును. అసలు బృందము ఇంకను రాలేదు. అడుగుల చప్పుడు మాత్రము వినబడినది.

ఇక్కడ చిక్కు వచ్చినది. చిక్కు తార్య గొంతు.

రేడియో స్టూడియోలో పనిచేయు మావంటి వారికి ఈ సంగతి సులభముగా తెలియును. సన్నని గొంతు గలవారిని మైకునకు దగ్గరగా కూర్చుండబెట్టుదుము. గొంతు నిండుగా నున్నవారిని ఒక బారెడు వెనుకకు జరుపుదుము. అంత దూరము జరిపినను కొందరు తారస్థాయి అందుకొన్నప్పుడు ప్రక్కవాద్యములు ఏమైనవో తెలియదు. అప్పుడు ఇంజనీరుగారు గాజుపలక అవతల నుండి చేతులు త్రిప్పుదురు. మన గాయకులలోను ఇట్టివారు కలరు. తంబురా ఒక్కటియే చాలునని కూర్చున్నచోట వయొలిన్, మృదంగము, ఘటము మూడును వచ్చి చేరినగాని కచేరీ సమతూకము కాదు.

తార్య శాస్త్రీయగానము నేర్చుచున్నకొలది ఆమె సోప్రానో గొంతు నెలనెలకు విస్తరించినది. అది నాటకశాలలో, మైకు సహాయము లేకుండ, నిండు వాద్యబృందము మీదుగా చివరి వరుస వరకు వినబడుటకు సాధన చేయు గొంతు. దాని ప్రక్కన ఒంటరి గిటారు, మెల్లని కీబోర్డు నిలువలేకపోయినవి. నెగడు ప్రక్క పాటకు ఆ గొంతు మిక్కిలి పెద్దదైనది. అట్టి సమయమున బృందనాయకునికి రెండు దారులు కలవు. గొంతును తగ్గించుమనవచ్చును, లేదా తగ్గి పాడు వేరొకరిని తెచ్చుకొనవచ్చును. చాలమంది అదియే చేయుదురు. తువోమాస్ మూడవ దారి పట్టినాడు. గొంతును అట్లే ఉండనిచ్చి, వాద్యములను పెంచినాడు. మామూలు గిటారు స్థానమున ఎలక్ట్రిక్ గిటారు వచ్చినది. 1997 ఆరంభమున యుక్కా నెవలాయ్‌నెన్ అను డ్రమ్ముల వాద్యకుడు చేరినాడు. మెటల్ సంగీతములో శాస్త్రీయ సోప్రానోను కూర్చుట తమ ప్రత్యేకతగా ఎంచుకొని వారు బయలుదేరలేదు. గొంతు పెరిగినది గనుక వాద్యములు దానిని అందుకొనవలసి వచ్చినది. ఆ బృందపు చరిత్రలో మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది ఈ మార్పే. ఇట్టి కూర్పు అంతకుమునుపు యూరపులో అక్కడక్కడ జరుగకపోలేదు. నెదర్లాండ్స్‌లోని ది గ్యాదరింగ్ వంటి బృందములు స్త్రీకంఠముతో మెటల్ పాడినవే. కాని నాటకశాలల గానపద్ధతిని అంత సూటిగా ముందు నిలిపి, తక్కిన సమస్తమును దానికి కొలిచి కుట్టినవారు అరుదు.

1997 ఏప్రిలులో నలుగురును కితేలోనే రికార్డింగునకు పూనుకొన్నారు. సాంకేతిక బాధ్యత వహించినవాడు తేరో కిన్నునెన్. తరువాతి సంవత్సరములలో కూడ అతడు వారిని విడువలేదు. బాస్ గిటారు వాయించువాడు లేనందున ఎంప్పుయే ఆ పని కూడ చేసినాడు. మగగొంతు కావలసినచోట తువోమాస్ స్వయముగా పాడినాడు. ఈ రెండవదానిని గూర్చి నిష్పాక్షికముగా చెప్పవలెనన్న, అది బాగుండలేదు. తార్య గొంతు ప్రక్కన అతని గొంతు, పెండ్లివారి నడుమ త్రోవతప్పి వచ్చినవానివలె నిలుచున్నది. అతనికిని ఆ సంగతి తెలిసినది. తరువాతి సంపుటులలో ప్రధానగాయకునిగా అతడు మరల నోరు విప్పలేదు. తన లోపమును తాను అంత త్వరగా గుర్తించి ప్రక్కకు తప్పుకొన్న నాయకుని మేము మెచ్చుకొనుచున్నాము.

ఆ ఏడు పాటల నమూనా రికార్డు హెల్సింకిలోని స్పైన్‌ఫార్మ్ సంస్థకు చేరినది. 1990లో మొదలైన ఈ సంస్థ పెద్ద కంపెనీలతో సంబంధము లేక స్వతంత్రముగా నడిచినది. ఇట్టి సంస్థల పద్ధతి మన చిన్న ప్రచురణకర్తల పద్ధతి వంటిదే. ఇష్టముతో మొదలుపెట్టుదురు, పెట్టుబడి స్వల్పము, ఒక పుస్తకము అమ్మిన సొమ్ముతో ఇంకొక పుస్తకము అచ్చువేయుదురు. 1997 మేలో సంస్థవారు నైట్‌విష్‌తో రెండు సంపుటులకు ఒప్పందము చేసికొన్నారు. బృందము మరల స్టూడియోకు వెళ్లి మరికొన్ని పాటలు చేర్చినది. నవంబరులో ‘ఏంజెల్స్ ఫాల్ ఫస్ట్’ అను పేర సంపుటి వచ్చినది. మొదట మేము చెప్పిన 500 ప్రతులు దీని పరిమిత ముద్రణము. తరువాతి ప్రతులలో పాటలు హెచ్చు. నెగడు నాటి ‘ఎతియాయ్‌నెన్’ అందులో ‘లప్పి’ అను నాలుగు భాగముల రచనకు చివరి భాగమై మరల కనిపించినది. లప్పి అనగా లాప్లాండు. ఆ రచన మొదటి భాగమును తార్య ఫిన్నిషు భాషలో పాడినది. తక్కిన పాటలలో అత్యధికము ఇంగ్లీషువి.

సంస్థ వారి పొదుపు చూడుడు. ‘ది కార్పెంటర్’ అను పాటను వేరుగా చిన్న సి.డి.గా తెచ్చునప్పుడు, ఆ ఒక్క సి.డి. మీదనే మూడు బృందముల పాటలు ఎక్కించినారు: నైట్‌విష్, థై సర్పెంట్, చిల్డ్రన్ ఆఫ్ బోడమ్. ఒక టిక్కెట్టు మీద ముగ్గురు ప్రయాణము చేసినట్లు. ఇందులో మూడవ బృందము కథ వినదగినది. ఎస్పో నగరపు యువకులైన వీరి పేరు మొదట ఇనర్థ్‌డ్. ఎవరును చేర్చుకొననప్పుడు బెల్జియములోని ఒక చిన్న సంస్థకు తమ సంపుటిని ఇచ్చుటకు అంగీకరించినారు. అంతలో స్పైన్‌ఫార్మ్ వారు మంచి షరతులతో ముందుకు వచ్చినారు. యువకులు ఏమిచేసినారనగా, ఇనర్థ్‌డ్ బృందము రద్దయినదని బెల్జియమునకు తెలిపి, తమ ఊరి సమీపమునందలి బోడమ్ సరస్సు పేర క్రొత్త బృందమైనారు. ధర్మాధర్మముల మాట మేము చెప్పజాలము. మొత్తము మీద స్వతంత్ర సంస్థల లోకము ఇట్టి ఉపాయములతో, ఇట్టి ఇరుకులతో నడిచినది.

సంపుటి వచ్చినది, కొంత అమ్ముడుపోయినది. ఫిన్లాండు అమ్మకపు పట్టికలో 31వ స్థానము చేరినది. ఇంత మాత్రముచేత బృందము నిలిచినట్లేనా? అప్పటికి వారు జనము ముందు ఒక్కసారియైన పాడలేదు! మొదటి కచేరీ 1997 డిసెంబరు 31వ తేదీ రాత్రి కితేలోనే జరిగినది. ఊరివారు, బంధువులు, బడిస్నేహితులు. సంపుటి మొదట, కచేరీ తరువాత. సాధారణముగా జరుగు క్రమమునకు ఇది తలక్రిందు.

తరువాత కొన్ని నెలలలో వారు చేసిన కచేరీలు ఏడెనిమిది కంటె మించలేదు. ఇందుకు కారణము ఉత్సాహము లేకపోవుట కాదు. ఫిన్లాండులో ప్రతి పురుషుడును యుక్తవయస్సున కొన్ని నెలలు సైన్యములో పనిచేయుట విధి. ఎంప్పుకును యుక్కాకును ఆ పిలుపు వచ్చినది. తార్యకు కువోపియోలో చదువు. మిగిలినవాడు తువోమాస్ ఒక్కడు, కీబోర్డు ముందు. మన ఊళ్లలో నాటకసమాజములు నడిపినవారికి ఈ అవస్థ క్రొత్తది కాదు. కథానాయకునికి బదిలీ అగును, హార్మోనిష్టునకు ఉద్యోగము వచ్చును, నాయికకు పెండ్లి కుదురును. తెర గుడ్డ మాత్రము కార్యదర్శి ఇంటి అటకమీద మిగులును. నూటికి తొంబది బృందములు అట్టి శీతాకాలములోనే అంతరించును. అంతరించినను ఎవరికిని తెలియదు. నైట్‌విష్ కూడ 1998 వసంతమున ఆ అంచుననే నిలిచినది. దీనిని అందరును ఒక కాలక్షేపముగానే ఎంచిరి. తమకిది జీవనాధారమగునని ఆ నలుగురిలో ఎవరును అనుకొనలేదు.

వారిని నిలిపినది స్పైన్‌ఫార్మ్ ఒప్పందములోని రెండవ సంపుటి అని మా అభిప్రాయము. ఒకటి బాకీయున్నది, తీర్చవలెను. తువోమాస్ ఈమారు తార్య గొంతు ఇంతవరకు పోగలదని తెలిసి, ఆ గొంతు కొరకే పాటలు కట్టినాడు. సామి వ్యాన్‌స్కా అను అతడు బాస్ గిటారుతో చేరినాడు. వేగము పెరిగినది. కీబోర్డు మీద వాద్యబృందపు నిండుదనము తెచ్చు ప్రయత్నము స్పష్టమైనది. మగగొంతు కావలసిన రెండు మూడు చోట్ల తాపియో విల్స్కా అను వేరొక బృందపు గాయకుని పిలిచినారు. ఇంగ్లండులో 1982లో వచ్చిన ‘ది స్నోమాన్’ అను బొమ్మల చిత్రము కొరకు హోవర్డ్ బ్లేక్ కూర్చిన ‘వాకింగ్ ఇన్ ది ఎయిర్’ అను పాటను కూడ చేర్చినారు. అది మూలమున పసిబాలుని గొంతున వినబడిన పాట. దానిని ఆమె పాడగా విన్నవారికి, నెగడు ప్రక్క కలగన్న మెత్తదనము పూర్తిగా పోలేదని తెలియును.

ఈ రెండవ సంపుటి పేరు ‘ఓషన్‌బోర్న్’. 1998 డిసెంబరులో ఫిన్లాండులో విడుదలైనది. సంపుటుల పట్టికలో 5వ స్థానము చేరినది. దానికి ముందుగా వచ్చిన ‘సాక్రమెంట్ ఆఫ్ విల్డర్‌నెస్’ అను పాట చిన్న సి.డి.ల పట్టికలో మొదటి స్థానము పట్టి కొన్ని వారములు కదలలేదు. ఆ పాట చిత్రణము కొరకు నవంబరులో కితేలోనే కచేరీ జరిపి, దానిని చిత్రించినారు. నాటుసారాకు పేరుపడిన ఊరు దేశమంతట టెలివిజను తెరపై కనబడుటకు ఈ విధముగా ఇంకొక కారణము దొరికినది.

1999లో బృందము దేశపు ఎల్లలు దాటినది. జర్మనీలోని రేజ్ అను బృందముతో కలిసి యూరపులో పర్యటించినది. ఆ సంవత్సరము ఆగస్టు 11న సంపూర్ణ సూర్యగ్రహణము. గ్రహణచ్ఛాయ దక్షిణ జర్మనీ మీదుగా పోవునని లెక్కలు ముందే తేలినవి. సందర్భము చూచి ‘స్లీపింగ్ సన్’, అనగా నిద్రించు సూర్యుడు, అను పాటను ఆ దేశమున విడుదల చేసినారు. ఒక్క జర్మనీలోనే ఒక నెలలో 15,000 ప్రతులు పోయినవి. మన పంచాంగకర్తలవలె రికార్డు వర్తకులకును గ్రహణము కలిసివచ్చినదన్నమాట. పాఠకులలో కొందరికి ఆ గ్రహణము జ్ఞాపకముండును. అదే ఛాయ ఆ సాయంత్రము గుజరాతు తీరమున మన దేశమున ప్రవేశించి, మధ్యభారతము మీదుగా వచ్చి, ప్రొద్దుగ్రుంకువేళ బంగాళాఖాతముపై అంతరించినది. మబ్బుల వలన మనలో పెక్కుమంది దానిని సరిగా చూడలేకపోయినారు.

2000 సంవత్సరారంభమున జరిగిన ఒక సంగతిని ప్రసారోద్యోగులముగా మేము దాటిపోలేము. యూరోవిజన్ అను పేర యూరపు ప్రసారసంస్థలన్నియు కలిసి ఏటేట పాటలపోటీ జరుపును. దానికి ఫిన్లాండు పక్షమున పోవు పాటను ఎన్నుకొను పని ఆ దేశపు ప్రసారసంస్థ యూలే వారిది. నైట్‌విష్ ‘స్లీప్‌వాకర్’ అను పాటతో నిలిచినది. టెలిఫోను ద్వారా ఓటు వేసిన ప్రజలు దానికే మొదటి స్థానమిచ్చినారు. నిర్ణాయక సంఘమువారు అట్లు తలపలేదు. రెండు లెక్కలు కూడగా నీనా ఓస్త్రోమ్ అను గాయనికి అవకాశము దక్కినది. నిర్ణాయకులను నిందించుట సులభము. మేమును గాయకుల ఎంపికలలో కూర్చున్నవారమే; క్రొత్తది వినబడినపుడు చెవి ముందుగా తనకు తెలిసిన కొలబద్దను వెదకికొనును. ఆరేండ్ల తరువాత, 2006లో, రాక్షసుల ముసుగులు ధరించి పాడు లోర్డి అను ఫిన్నిషు బృందము అదే పోటీలో ఏథెన్సులో 292 మార్కులతో గెలిచినది. ఫిన్లాండుకు ఆ పోటీలో అది మొదటి గెలుపు.

ఓటమి వలన నైట్‌విష్‌కు నష్టము కలుగలేదు. దేశములో వారిని ఎరుగని ఇల్లు లేకపోయినది. ఆ సంవత్సరము మే నెలలో వచ్చిన మూడవ సంపుటి ‘విష్‌మాస్టర్’ నేరుగా మొదటి స్థానమునకు ఎక్కి మూడు వారములు అచ్చటనే యుండినది. 51 లక్షల జనాభా గల దేశములో, ఒక స్వతంత్ర సంస్థ సంపుటి, పెద్ద కంపెనీలవారి సంపుటులను క్రిందికి నెట్టినది.

కాని పైకి వచ్చిన వేగమునకు లోపల కీళ్లు సడలినవి. బాల్యస్నేహితులు కలిసి చేసిన కాలక్షేపము ఇప్పుడు ఒప్పందములు, ప్రయాణములు, లెక్కలు గల వ్యాపారమైనది. 2001లో తువోమాస్ బృందమును ముగించివేయుదమను తలంపు వరకు వచ్చినాడు. అప్పుడు అతడు సొనాటా ఆర్క్‌టికా అను బృందపు గాయకుడును తన మిత్రుడునైన టోనీ కక్కోతో కలిసి ఉత్తరాన లాప్లాండులో కాలినడకన తిరిగినాడు. ఆ ప్రయాణములో మనసు మార్చుకొన్నాడు. బృందము మిగిలినది; సామి వ్యాన్‌స్కా వెళ్లిపోయినాడు. అతని స్థానమున వచ్చిన మార్కో హియెతాలా బాస్ గిటారు వాయించుటయే కాక గట్టిగా పాడగలవాడు. 1997లో తువోమాస్ తన గొంతుతో నింపలేక వదలిపెట్టిన ఖాళీ అయిదేండ్లకు నిండినది. 2002లో వచ్చిన ‘సెంచురీ చైల్డ్’ సంపుటిలో తార్య గొంతునకు ఎదురు నిలువగల మగగొంతు మొదటిసారి వినబడినది.

తార్యను 2005 అక్టోబరులో బృందము నుండి తొలగించుట, దానిపై చెలరేగిన వాదములు, తరువాత వచ్చిన గాయనులు, ఇవి మరియొక ప్రసంగమునకు తగిన సంగతులు. తొలినాళ్ల కథ 2002తో ముగియునని చెప్పుటకు వేరొక కారణము కూడ కలదు. ఆ సంవత్సరమే స్పైన్‌ఫార్మ్ సంస్థ యూనివర్సల్ అను బహుదేశ సంస్థ చేతిలోనికి పోయినది. మూడు బృందములను ఒక సి.డి.పై ఎక్కించిన రోజులు ముగిసినవి. 1997 నవంబరు నాటి ఆ 500 ప్రతులు మాత్రము తిరిగి దుకాణములకు రాలేదు. అవి ఇప్పుడు సేకరణకర్తల పెట్టెలలో ఉన్నవి. ఎప్పుడైన ఒకటి అమ్మకమునకు వచ్చినచో, ఏడు పాటల ధర అని ఎవరును అడుగరు.